సంక్రాంతి సాయంత్రం పేకాట బల్లలు: హై-లో ఆటకు ముక్కలు పంచేవాళ్లు కావాలి

ఆటల కమిటీ:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊరు వెళ్లలేక బెంగళూరులోనే ఉండిపోయే మనవాళ్ల కోసం మారతహళ్లి క్లబ్‌హౌస్‌లో పెట్టుకున్న సాయంత్రంలో ముగ్గులు, భోజనాల సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది పేకాట. రమ్మీ ఎలాగూ ఉంటుంది. దానితోపాటు మనలో కొందరం ఇళ్లలో ఆడుకునే ఒమాహా హై-లో (పోకర్‌లో ఒక రకం) కూడా రెండు బల్లల మీద ఆడిద్దాం.

ఎందుకంటే ఇందులో మధ్యలో పోగైన కాయిన్లు సగం పెద్ద చేతికి (హై), సగం చిన్న చేతికి (లో) వెళ్తాయి. చేయి అంటే ఒకరు చూపే ఐదు ముక్కలు. ఆసు, 2, 3 వచ్చినవాళ్లు కూడా చివరిదాకా ఆశగా కూర్చుంటారు. కొత్తవాళ్లు త్వరగా విసిగిపోరు. బల్లకి ఎనిమిదిమంది సరిపోతారు.

కోశాధికారి:
ఆలోచన బాగుందండి. కానీ డబ్బు మాత్రం వద్దు, పది రూపాయలైనా సరే. కర్ణాటక పోలీస్ చట్టం, 1963లో జూదం మీద నిబంధనలున్నాయి. రమ్మీ నైపుణ్యం మీద నడిచే ఆటని 1968లో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే, అయితే ఆ తీర్పు పోకర్ గురించి కాదు. పైగా పిల్లలు చూస్తూ ఉంటారు.

ఆటల కమిటీ:
పూర్తిగా ఒప్పుకుంటాను. అందరికీ సమానంగా ప్లాస్టిక్ కాయిన్లు ఇద్దాం, ఆట అయ్యాక డబ్బాలో పడేద్దాం. పందెం మొదటి రెండు రౌండ్లకు 10, చివరి రెండింటికి 20 కాయిన్లు. అంతకు మించి పెంచడానికి ఉండదు.

భోజనాల టీమ్:
అన్నా, మా అత్తగారు రమ్మీలో దిట్ట, ఇది మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఆవిడ కూర్చోవచ్చా?

ఆటల కమిటీ:
తప్పకుండా కూర్చోబెట్టు అమ్మా. ఆవిడకి ముందుగా ఒక్క నియమం చెప్పు: చేతిలో నాలుగు ముక్కలుంటాయి, అందులోంచి సరిగ్గా రెండే వాడాలి, బల్ల మీది ఐదింటిలోంచి మూడు. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. చేతిలో నాలుగూ ఇస్పేట్లే ఉండి, బల్ల మీద రెండే ఇస్పేట్లు పడితే ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు ముక్కలు) కాదు. హైకి చేతిలోంచి ఒక రెండు ముక్కలు, లోకి వేరే రెండు వాడుకోవచ్చు.

లో గెలవాలంటే ఐదు ముక్కలూ వేరువేరు అంకెలై, 8కి మించకూడదు. బల్ల మీద అలాంటివి కనీసం మూడు పడకపోతే లో ఎవరికీ లేదు, మొత్తం హైదే. ఆసు రెండు వైపులా పనికొస్తుంది. సీక్వెన్స్ పడినా లోకి నష్టం లేదు, అందుకే ఆసు-2-3-4-5 అన్నిటికన్నా మంచి లో.

ఆసు, 2 చేతిలో ఉన్నాయని ధీమాగా ఉంటే కుదరదు. బల్ల మీద 3, 6, 8 ఉండగా ఇంకో 2 పడిందనుకోండి. బల్ల మీది 2 అందరిదీ కాబట్టి, ఆసు, 4 పట్టుకున్నవాళ్లు ముందుకెళ్లిపోతారు. ఇద్దరి దగ్గరా ఆసు-2 ఉంటే ఆ సగంలో మళ్లీ సగమే ఒక్కొక్కరికి. కొత్తవాళ్లకు బాధ కలిగేది అప్పుడే, అందుకని ముందే చెప్పాలి. 9-8-7-6 లాంటి మధ్య ముక్కలు చూడ్డానికి బాగుంటాయి గానీ, తరచూ రెండు వైపులా ఓడిస్తాయి.

అందుకే ప్రతి బల్లకీ ఆడకుండా, ముక్కలు పంచి చేతులు చదివే మనిషి ఒకరు కావాలి. ముక్కలు తెరిచి పెట్టాక ఎవరికేం వచ్చిందో పంచేవాళ్లే చెప్పాలి. హై అని నోటితో చెప్పినా లో కూడా ఉంటే అది వాళ్లదే. సగం చేసేటప్పుడు ఒక కాయిన్ మిగిలితే హైకి ఇవ్వండి.

వాలంటీరు:
మొదటి బల్ల నేను చూసుకుంటాను అన్నా. పెద్దవాళ్లకి అంకెలు కనబడేలా పెద్ద అచ్చు పేకలు రెండు తెస్తాను.

ఆటల కమిటీ:
సంతోషం తమ్ముడూ. రెండో బల్లకి ఇంకా ఎవరూ లేరు. ఆట రాకపోయినా పర్వాలేదు, శనివారం సాయంత్రం మా ఇంటికి రండి, చేతులు చదవడం కలిసి సాధన చేద్దాం.