50 పౌండ్ల విల్లుకి ఏ ములికి (బాణం మొన)? మెకానికలా, ఫిక్స్‌డా?

విల్లు50:
టెక్సస్‌లో ఈ ఆర్చరీ సీజన్‌కి వైట్‌టెయిల్ జింక, కుదిరితే అడవిపంది. కాంపౌండ్ (కప్పీలుండే) విల్లు, లాగే బరువు 50 పౌండ్లు, డ్రా (తాడు లాగే పొడవు) 27 అంగుళాలు. 100 గ్రెయిన్ల ములికితో కలిపి బాణం బరువు 400 గ్రెయిన్లు, క్రోనోగ్రాఫ్‌లో (వేగం కొలిచే పరికరంలో) వేగం సెకనుకు 235 అడుగులు. షాపులో తగిలాక రెక్కలు 2 అంగుళాలు తెరుచుకునే మెకానికల్ కొనమంటున్నారు. ఫిక్స్‌డ్ (కదలని రెక్కలది) అయితే ట్యూనింగు (బాణం తిన్నగా పోయేలా విల్లు సరిచెయ్యడం), సాన పట్టడం అంటూ బోలెడు పనట. ఏది తీసుకోమంటారు?

మోడరేటర్:
ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఈ థ్రెడ్ లైసెన్సుతో అమెరికాలో వేటాడేవాళ్లకి మాత్రమే.

ఆకురాయి:
ఫిక్స్‌డ్. కారణం మీ అంకెల్లోనే ఉంది. వేగాన్ని వేగంతో హెచ్చవేసి, గ్రెయిన్లతో హెచ్చవేసి, 450240తో భాగించండి: బాణం శక్తి 49 ఫుట్-పౌండ్లు. జింకకి చాలు, కానీ దుబారాకి మిగలదు. మెకానికల్ రెక్కలు తెరుచుకోడానికి కొంత పోతుంది, ఆ తర్వాత 2 అంగుళాల వెడల్పున తోలూ కండా కోసుకుంటూ పోవడానికి ఇంకా చాలా పోతుంది. ఎముక తగిలిందా, బాణం లోపలే ఆగిపోతుంది. ట్రీ స్టాండ్ (చెట్టు మీది మంచె) మీద నుంచి వేసేవాళ్లకి అసలు చిక్కు ఇదే. బాణం పైనుంచి దిగుతుంది కాబట్టి దూరిన కంత పైన ఉంటుంది. నెత్తురు నేల మీద పడాలంటే అవతలి పక్క, కింద, ఇంకో కంత పడాలి. లేకపోతే అంతా రొమ్ములోనే నిండుతుంది, జాడ దొరకదు. అంగుళంపావు కోతతో రెండు కంతలు, 2 అంగుళాల ఒక్క కంత కంటే నయం. టెక్సస్ రూలు ప్రకారం వెడల్పు కనీసం 7/8 అంగుళం, కోసే అంచులు కనీసం రెండు ఉండాలి, అంతే.

శబ్దభేది:
(పేరు చూసి కంగారుపడకండి, కనపడనిదాని మీద బాణం వెయ్యను.) ఆకురాయి అన్నా, లెక్క ఒప్పుకుంటా, తీర్పు ఒప్పుకోను. మీరు పోల్చింది 2 అంగుళాల మెకానికల్‌తో. ఒకటిన్నర అంగుళం కోసే రెండు రెక్కలవి ఉన్నాయి, రెక్కలు బాగా వెనక్కి వాలి ఉంటాయి, 50 పౌండ్లకి సరిపోతాయి. బాణం ఎంత లోతు దిగింది అనేదానికన్నా ముందు ఎక్కడ తగిలింది అనేది చూడాలి కదా. ఫిక్స్‌డ్ రెక్కలు గాలిని పట్టి బాణాన్ని పక్కకి లాగుతాయి. ట్యూన్ కాని విల్లుతో 20 గజాల దగ్గర పట్టించుకోని తేడా 35 గజాల దగ్గర గురినే తప్పిస్తుంది. జింక ఊపిరితిత్తుల మీద గురి ఎనిమిది, పది అంగుళాలేనాయె. కొత్తవాళ్లలో ట్యూన్ చేసేదెవరు? ఒక్క జాగ్రత్త: రెక్కల్ని పట్టి ఉంచే ఓ-రింగులు, ప్లాస్టిక్ కాలర్లు వేడికి చెడతాయి. ఎండలో కారులో వదిలేసినవి వాడొద్దు.

ఆకురాయి:
ట్యూనింగు తప్పించుకోడానికి మెకానికల్ కొనడమంటే రోగాన్ని దాచడమే. ఊగుతూ పోయే బాణానికి మెకానికల్ తగిలిస్తే గురి కుదిరినట్టే ఉంటుంది, కానీ వంకరగా తగిలి సగం దిగదు. పని ఒక పూటది. ములికి బిగించి, బాణాన్ని మొన మీద నిలబెట్టి తిప్పండి. ములికీ షాఫ్టూ (బాణం కర్ర) కలిసే చోట వణుకు కనపడితే ఇన్‌సర్ట్ (ములికి బిగించే లోపలి మర) వంకరగా కూర్చుంది, లేదా షాఫ్ట్ కొస చదునుగా లేదు. అది పక్కన పెట్టండి. తర్వాత 20 గజాల నుంచి ఫీల్డ్ పాయింట్లు (రెక్కల్లేని ప్రాక్టీసు మొనలు), బ్రాడ్‌హెడ్లు (రెక్కలున్న వేట ములికిలు) మార్చి మార్చి వెయ్యండి. బ్రాడ్‌హెడ్ ఎడమకి పోతే రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే భాగం) కుడికి జరపాలి, కుడికి పోతే ఎడమకి. ఒక్కోసారికి 1/32 అంగుళం, అంతే. రెండూ ఒక్కచోట పడేదాకా సైట్ (గురి చూసే పిన్ను) ముట్టుకోవద్దు. చాలామంది ముందు సైట్ తిప్పేస్తారు, ఇక ఎప్పటికీ కుదరదు.

కరీంనగర్_పోరి:
మీరిద్దరూ జింక కాడనే ఆగిండ్రు. ఆయన పంది గూడ అన్నడు. మగ పందికి భుజాల మీద తోలు కింద గట్టి పొర ఉంటది, పెద్దదానికి అంగుళం దాక మందం. గుండె, ఊపిరితిత్తులు జింకకంటె ముందుకు, కిందికి ఉంటయి, గాబట్టి ఆ పొరను తప్పించుడు కష్టం. ఈ విల్లుతోటి దానికి మెకానికల్ వద్దే వద్దు. బాణాన్ని 500 గ్రెయిన్లు చెయ్యుర్రి. వేగం 212 దాక పడుతది, ఎనర్జీ దాదాపు గంతే ఉంటది, గని మొమెంటమ్ (దూసుకపోయే ఊపు) 0.42 నుంచి 0.47కు పోతది. పెంచిన బరువు ముందట పెట్టుర్రి, 200 గ్రెయిన్ల సింగిల్ బెవెల్ (ఒక దిక్కే సాన పట్టిన) ములికి. అప్పుడు షాఫ్ట్ మెత్తబడ్డట్టు వంగుతది, 500 స్పైన్ (షాఫ్ట్ గట్టిదనం అంకె, తక్కువైతే గట్టిది) వాడుతుంటే 400కు మారాలె. బెవెల్ కుడిదైతే ఈకలు గూడ కుడి హెలికలే (కుడికి మెలి తిరిగినయే) ఉండాలె, లేకుంటే గాలిల ఒక దిక్కు, కండల ఒక దిక్కు తిరగజూస్తది.

శబ్దభేది:
అక్కా, ఆ వేగంతో దూరం అంచనా తప్పితే? 30 గజాలనుకున్నది 33 ఉంటే బాణం దాదాపు 4 అంగుళాలు కిందకి పడుతుంది.

కరీంనగర్_పోరి:
235 తోటి గూడ 3 అంగుళాలు పడుతది. అంగుళం కోసం బరువు వదులుకుంటరా? రేంజ్‌ఫైండర్ కొనుర్రి.

విల్లు50:
ఫిక్స్‌డ్‌కే మొగ్గుతున్నా. మూడు రెక్కల వన్-పీస్ (అంతా ఒకే ముక్క) అయితే జిగ్ (సాన కోణం పట్టి ఉంచే పరికరం) అక్కర్లేదు, రాయి మీద పెట్టి రుద్దడమే అంటున్నారు. నిజమా?

ఆకురాయి:
నిజమే, కానీ అక్కడ ఒక లోపం ఉంది. మూడు రెక్కల్లో రెండు రాయికి ఆనతాయి కాబట్టి ఒక్కో పక్క 30 డిగ్రీలు పడుతుంది, అంచు కోణం మొత్తం 60. రెండు రెక్కల డబుల్ బెవెల్ (రెండు పక్కలా సాన పట్టినది) 20కి 20, మొత్తం 40. సింగిల్ బెవెల్ అయితే 25. ఎంత నున్నగా చేసినా 60 అంచు 40 అంచులా కొయ్యదు. జిగ్ కొనుక్కోండి.

ములికిని పాత షాఫ్ట్ ముక్కకి బిగిస్తే పిడి దొరుకుతుంది, వేళ్లు రెక్కలకి దూరంగా ఉంటాయి. బెవెల్ మొత్తానికీ మార్కర్ పూయండి. ఆకురాయి ఒకే దిశలో తొయ్యండి, వెనక్కి లాగేటప్పుడు ఆనించొద్దు. రెండు రాపిళ్లయ్యాక చూడండి: రంగు అంచు దగ్గర మిగిలితే కోణం తక్కువైంది, వెనక మిగిలితే ఎక్కువైంది. ఆకురాయి కొరకకుండా జారిపోతుంటే ఉక్కు గట్టిది, డైమండ్ రాయికి మారండి. ఒక పక్క రుద్దుతుంటే అవతలి పక్కకి సన్నటి రేకు ఒరుగుతుంది, అదే బర్. మడమ (రెక్క వెనక కొస) నుంచి మొనదాకా ఎక్కడా తెగకుండా గోటికి తగలాలి. అప్పుడే రెండో పక్క. తర్వాత 600, 1000 గ్రిట్ (ఇంకా నున్నటి) రాళ్లు, చెయ్యి బరువు తగ్గించుకుంటూ. చివర తోలు మీద ఆకుపచ్చ పాలిషింగ్ పేస్టు రాసి, అంచు వెనక ఉండేలా లాగుతూ ఇరవై రాపిళ్లు. గట్టిగా నొక్కితే తోలు కుంగి అంచు గుండ్రబడుతుంది. సింగిల్ బెవెల్‌కి చదును పక్కన బర్ తియ్యడం తప్ప ఇంకేం చెయ్యొద్దు. బెల్ట్ గ్రైండర్ మీద ఉక్కు నీలంగా మారితే ఆ చోట గట్టిదనం పోయినట్టే.

శబ్దభేది:
తోలు దాకా ఎందుకు? పాతకాలపు అమెరికన్ విలుకాడు హోవర్డ్ హిల్ ఆకురాయి గరుకుతోనే వేటాడాడు. గరుకు అంచు వెంట్రుకలూ తోలూ దాటాక కూడా కోస్తూనే ఉంటుంది. మీ అద్దం అంచు అక్కడే సగం మొద్దుబారుతుంది.

ఆకురాయి:
పేరు పెట్టుకున్న నేనే ఒప్పుకోను. గరుకు అంచు రక్తనాళాన్ని చింపుతుంది, చిరిగిన చోట నెత్తురు తొందరగా గడ్డకడుతుంది. నున్నగా తెగిన నాళం ఎక్కువసేపు కారుతుంది. రబ్బరు బ్యాండు వదులుగా పట్టుకుని అంచుకి ఆనించండి. గరుకు అంచు లాగుతుంది, నున్నటిది తెంపుతుంది.

కరీంనగర్_పోరి:
రెండిట్లకు బర్ మిగిలిందంటే పని ఖరాబ్. చేతి మీది వెంట్రుకలు గీస్తది, పదునున్నదనుకుంటం, మొదటి ఎముకకే ఒరుగుతది. దీపం కింద అంచును చూడుర్రి. తెల్లగ గీత మెరిసిందంటే అక్కడ పదును లేదు.

శబ్దభేది:
సరే, ఇంత చేశాక దాన్ని క్వివర్ (అమ్ములపొది) ఫోమ్‌లో గుచ్చుతారు, తీసిన ప్రతిసారీ కొంత పదును అక్కడే పోతుంది. కార్బన్ ఉక్కు అయితే చెమ్మకి ఒక్క రాత్రిలో తుప్పు.

ఆకురాయి:
ఇది మాత్రం ఒప్పుకుంటా. మొన మాత్రమే ఆనే రబ్బరు హుడ్ ఉన్న క్వివర్ తీసుకోండి, అంచుకి వాజలిన్ పల్చగా పూయండి. ప్రాక్టీసు ములికి వేరు, వేట ములికి వేరు. తీసి మార్చే పల్చటి రెక్కలున్న రకం కొంటే సాన పెట్టుకుంటూ కూర్చోకండి, రెక్కలు కొత్తవి వెయ్యండి.