పాత డీజిల్ క్యాంపర్‌కి ఏ పెట్రోల్ ఇంజిన్ నప్పుతుంది?

ప్రశ్న: నా ఫోక్స్‌వ్యాగన్ టీ3 క్యాంపర్ వ్యాన్‌లో 1.6 లీటర్ల డీజిల్ ఇంజిన్, 50 హార్స్‌పవర్. కంప్రెషన్ (సిలిండర్లలో గాలిని నొక్కే బలం) పడిపోయింది, ఎత్తు వస్తే రెండో గేరే దిక్కు. పిల్లలు ఈ బండిలోనే పెరిగారు, అమ్మబుద్ధి కావట్లేదు. సుబారు 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ పెట్టనా, ఫోక్స్‌వ్యాగన్ 2.0నా?

జవాబు: ఫోక్స్‌వ్యాగన్‌దే పెట్టండి అన్నా. అది మీ డీజిల్‌లాగే వరుస నాలుగు సిలిండర్లది, గేర్‌బాక్స్‌కి నేరుగా బిగుస్తుంది. సుబారుకైతే మధ్యలో కలిపే అడాప్టర్ ప్లేట్ కావాలి. ఇంజిన్ 50 డిగ్రీలు వాలి కూర్చోవాలి కాబట్టి డీజిల్ ఆయిల్ సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి), మౌంట్లు (ఇంజిన్‌ని పట్టి ఉంచే బిగింపులు) మాత్రం పారేయకండి!

మరో జవాబు: నా టెన్షన్ గేర్‌బాక్స్ గురించే. డీజిల్‌ది పొట్టి గేరింగ్, హైవే మీద ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. పెట్రోల్ బండి గేర్‌బాక్స్ వెతకండి. ట్యాంకు కడిగించి, పెట్రోల్ ఇంజెక్షన్‌కి హైప్రెజర్ పంపు వేయించండి.

ప్రశ్న అడిగినవారు: బ్రేకులకి సాయమిచ్చే వ్యాక్యూమ్ పంపు డీజిల్ ఇంజిన్‌తోనే పోతుంది కదా, బ్రేకులు గట్టిపడవా?

జవాబు: పడవన్నా. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్ నుంచే వ్యాక్యూమ్ వస్తుంది, గొట్టం కలిపితే చాలు.