ఒకటిన్నరా, రెండా? బల్లార్షా ఎండకు ఎన్ని టన్నుల ఏసీ కావాలి?

వర్ధా ఒడ్డు (బల్లార్షా)

అందరికీ నమస్కారం. మహారాష్ట్రలోని మా బల్లార్షా మే నెల సంగతి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 46, 47 డిగ్రీలు మామూలే. ఇన్నేళ్లూ పెద్ద కూలర్‌తో నెట్టుకొచ్చాం. ఈ వేసవికి మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. బీపీ మనిషి, అందుకే ఒక్క బెడ్‌రూమ్‌కైనా ఏసీ పెట్టించాలనుకుంటున్నాం.

గది 12 అడుగులకు 14, ఎత్తు పది. మేడ మీద గది, పైన ఇంకేం లేదు, స్లాబే. పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా ఎండే, అందులోనే నాలుగడుగుల కిటికీ. పడుకునేది మేమిద్దరం, అమ్మ, పాప.

షాపులో గది కొలత చెప్పగానే ఒకాయన 1.5 టన్ను చాలన్నాడు. పై అంతస్తు అనేసరికి పక్కనున్న ఇంకొకాయన "2 టన్ను తప్ప ఏదీ పనిచెయ్యదు మేడమ్" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడేమో ఇన్వర్టర్ ఏసీ అయితే పెద్దది తీసుకున్నా నష్టం లేదు, అవసరాన్ని బట్టి అదే తన వేగం తగ్గించుకుంటుంది అంటున్నాడు. నిజమేనా? రెండింటికీ తేడా పదివేల పైనే ఉంది, ఊరికే పోసేంత డబ్బయితే లేదు.

సిరోంచ మాస్టారు

అమ్మా, ఏసీ కొనండి గానీ కూలర్ అమ్మెయ్యకండి. మన విదర్భ ఎండ పొడి ఎండ. గాలిలో తేమ ఉండదు కాబట్టి వానలు పడేదాకా కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాన్ని హాల్లోకి మార్చి పగలు అక్కడే గడపండి. రాత్రికి ఏసీ. రెండూ ఒకే గదిలో మాత్రం వద్దు. కూలర్ గదిలోకి నీటి ఆవిరి పంపుతుంటే, ఏసీ పాపం ఆ నీళ్లను పిండి బయట పోసుకుంటూ కూర్చుంటుంది. కరెంటు దండగ. టన్నుల లెక్క నాకు రాదు, తెలిసినవాళ్లు చెప్తారు.

రాజురా ఏసీ మెకానిక్

అక్కా, మీకు పక్కనే, వర్ధా దాటితే మా ఊరు. నా ఓటు 1.5 టన్నుకే. 2 వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

టన్ను అంటే ఏసీ బరువు కాదు. కంప్రెసర్లు, అంటే గ్యాస్‌ను నొక్కి ఏసీని నడిపే మోటార్లు, రాకముందు చల్లదనమంటే మంచుగడ్డే కదా. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి లాక్కుంటుందో, అంత వేడిని బయటికి తోసే మిషన్ 1 టన్ను ఏసీ. కొలతలో అది సుమారు 3.5 కిలోవాట్లు. కాబట్టి గది ఎన్ని చదరపు అడుగులన్నదానికంటే, ఆ గదిలోకి ఎంత వేడి వస్తోందన్నది ముఖ్యం. పైన ఇంకో ఇల్లున్న నీడపట్టు గదికీ, నెత్తిన ఎండ మోసే మీ గదికీ కొలత ఒకటే అయినా ఏసీ ఒకటే కాకపోవచ్చు. షాపువాళ్లు ఎక్కువగా చూసేది కొలతే.

మీ గదికి మే నెల సాయంత్రం వేళకి నేను వేసుకున్న లెక్క ఇది. స్లాబులోంచి దిగేదే 1100, 1200 వాట్లు. పడమటి గోడ ఇంకో 400, 500. కిటికీ మీద నేరుగా ఎండ పడితే 600. మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి తలకు వంద వాట్లు, నలుగురికి 400. ఫ్యాను, లైటు, తలుపు సందుల్లోంచి దూరే వడగాలి అన్నీ కలిపి ఇంకో 400, 500. మొత్తం 3000 వాట్ల పైచిలుకు. చేతి లెక్కే, అటూ ఇటూ అవుతుంది. అయినా ఎక్కువ వాటా ఎక్కడిదో చూడండి. నెత్తి మీదదే.

ఇప్పుడు ఏసీ సంగతి. కరెంటు ఆదా ఎంతో చూపే స్టార్ల లేబుల్ మీద ఉండే కిలోవాట్ల అంకె బయట 35 డిగ్రీలున్నప్పటిది. మన దగ్గర మే నెలలో 35 అంటే పొద్దుటి పూట! బయట వేడి పెరిగేకొద్దీ ఏసీ బలం తగ్గుతుంది. 46లో పదిహేను శాతం పోయిందనుకోండి, 3.5 కిలోవాట్ల 1 టన్ను 3 దగ్గరికి వస్తుంది. అంటే మీ గదికి బొటాబొటీ. ఆగకుండా ఆయాసపడుతూనే ఉంటుంది. 5 కిలోవాట్ల 1.5 టన్ను 4.2 దగ్గర నిలబడుతుంది. మీకది చాలు, కొంత మిగులుతుంది కూడా.

ఇంకో తిరకాసుంది. 1.5 అని రాసినవన్నీ సమానం కాదు. ఒకదాని లేబుల్ మీద 4.7 ఉంటుంది, ఇంకోదాని మీద 5.2 ఉంటుంది. షాపులో టన్ను అడగొద్దు, లేబుల్ తిప్పి కిలోవాట్లు చూడండి. 5కి పైన ఉన్నది తీసుకోండి.

మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది, కానీ దానికీ ఓ హద్దుంది. అంతకంటే తగ్గలేక ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. మేలో మీకిది తెలీదు. జూలైలో, వాన వెలిసిన రాత్రి, బయట 28 ఉండి ఒళ్లంతా జిగటగా ఉన్నప్పుడు తెలుస్తుంది. ఏసీ మరీ పెద్దదైతే గది చటుక్కున చల్లబడి మిషన్ పడుకుంటుంది, తేమ మాత్రం గదిలోనే ఉండిపోతుంది. తేమ పోవాలంటే చల్లటి కాయిల్ (ఏసీ లోపలి గొట్టాల చుట్ట) మీదుగా గాలి ఎక్కువసేపు తిరగాలి.

అడగకపోయినా ఒకటి చెప్తాను. రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి స్లాబుకు చెయ్యి ఆనించి చూడండి. కాలుతుంది. పగలు తాగిన వేడిని స్లాబు రాత్రి మీ మీదకు వదులుతుంది, సరిగ్గా మీరు పడుకునే వేళకు. ఆ 2 టన్ను తేడా డబ్బులో కొంత పెట్టి మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, లేదంటే సున్నమైనా కొట్టించండి. కిటికీకి బయట గ్రీన్ నెట్టో, వెదురు తడికో కట్టించండి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ గదిలోకి వచ్చేసినట్టే.

బరంపురం కోడలు

మాది ఒడిశా వైపు బరంపురం. మీ ఎండ మాకు లేదు గానీ ఉక్కపోత మా సొత్తు. మెకానిక్ గారు తేమ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా పక్కింటివాళ్లు పదికి పది గదిలో 2 టన్ను బిగించారు. కూర్చున్న కాసేపటికే వణుకొస్తుంది, రిమోట్ తీసి పెంచుతారు, దుప్పటేమో చెమ్మగానే ఉంటుంది. మళ్లీ తగ్గిస్తారు. రాత్రంతా ఇదే కచేరీ.

మా అత్తగారిదీ బీపీయే. ఆవిడ గదిలో 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుతాం, హాయిగా నిద్రపోతారు. 2020 నుంచి వచ్చే స్టార్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24లో మొదలవుతాయి కదా, దాన్ని 18కి లాగాల్సిన పని ఏ గదిలోనూ కనబడలేదు నాకు. 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకునేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు, చెప్పినా వినరు, అది వేరే కథ. మేం సముద్రం దగ్గర కాబట్టి కాయిల్‌ను ఉప్పుగాలి తినేస్తుంది, కోటింగ్ ఉన్నది వెతుక్కోవాలి. మీకా గొడవ లేదు.

వర్ధా ఒడ్డు (బల్లార్షా)

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రాత్రి చెయ్యి పెట్టి చూశాను, ఇంకా మార్చి కూడా దాటలేదు, అప్పుడే వెచ్చగా ఉంది. మెకానిక్ తమ్ముడూ, ఇంకో మూడు సందేహాలు. స్లాబుకు తెల్లరంగు వేయిస్తే 1 టన్నే సరిపోదా? బయటి యూనిట్ పడమటి బాల్కనీలో పెడతామంటున్నారు, పెట్టొచ్చా? ఇంటి వైరింగ్ మా మామగారి కాలం నాటిది, పర్వాలేదా?

రాజురా ఏసీ మెకానిక్

1 టన్ను వద్దక్కా. రంగు కొత్తగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, కానీ మనది బొగ్గు గనుల నేల, దుమ్ము పడి నల్లబడుతుంది. కడగడం మానేసిన ఏడు మీరు ఇబ్బంది పడతారు. రంగు వేసి 1.5 పెట్టుకుంటే మిషన్ తక్కువ వేగంతో నడుస్తుంది, బిల్లు తగ్గుతుంది. 300 యూనిట్లు దాటితే మన రేటు ఎలా ఎగురుతుందో తెలుసుగా.

పడమటి బాల్కనీ వద్దే వద్దు. ఎండలో నిలబెట్టి, మూడు వైపులా గోడలు కట్టి, వేడి బయటికి తొయ్యమంటే ఎక్కడికి తోస్తుంది? తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఉత్తరం గోడ ఖాళీగా ఉంటే అక్కడ బిగించమనండి. ఏసీతో వచ్చే రాగి పైపు మామూలుగా 3 మీటర్లే, ఎక్కువైతే పైపుకు విడిగా డబ్బు కట్టాలి. అయినా సరే ఉత్తరమే మేలు.

వైరింగ్ విషయంలో మొహమాటం వద్దు. బోర్డు దగ్గర్నుంచి ఏసీకి విడిగా లైను లాగించండి, 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్. మీ బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుందో చూసుకోండి, చాలకపోతే పెంచమని అర్జీ పెట్టాలి. స్టెబిలైజర్ ఇప్పుడే కొనొద్దు. మధ్యాహ్నం అందరి కూలర్లూ తిరిగే వేళ వోల్టేజ్ ఎంత వస్తోందో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, ఏసీ మీద రాసిన పరిధిలో లేకపోతేనే కొనండి.

బిగించే కుర్రాడు వాక్యూమ్ పంపు (పైపులోని గాలిని లాగేసేది) తెచ్చాడో లేదో చూడండి. కొందరు తొందరలో కాస్త గ్యాస్ వదిలి, పైపులోని గాలిని తోసేసి అయిపోయిందంటారు. ఒప్పుకోవద్దు, పంపు పెట్టాకే గ్యాస్ తెరవమనండి. ఇదంతా ఏప్రిల్‌లోపే చేయించుకోండి, ఆ తర్వాత ఎంత బతిమాలినా మాలో ఎవరం సమయానికి రాలేం.