సెకండ్ హ్యాండ్ కారుకి నల్ల ఫిల్ములు: ఉంచుకోవాలా, పీకించాలా? మన గోదారి జిల్లాల వాళ్లు చెప్పండి

పాలకొల్లు కుర్రోడు:
హైదరాబాద్‌లో ఉండే మా బావగారి దగ్గర కారు తీసుకున్నానండి. నాలుగు తలుపులకీ వెనకద్దానికీ నల్ల ఫిల్ము ఉంది. మొన్న సిద్ధాంతం బ్రిడ్జి దాటాక ఆపి చలానా రాశారు, పీకించెయ్యమన్నారు. పీకించేస్తే రోహిణి కార్తెలో రెండేళ్ల పాపని వేసుకుని ఎలా తిరగడం? ‘50 పర్సెంట్ ఫిల్ము వేయించుకోండి, లీగలే’ అంటున్నాడు షాపతను. నిజమేనా?

తణుకు అద్దాలపని:
పదిహేనేళ్ల పైనుంచి నేను చేసేది ఇదే పనండి. 2012 మే నెల నాకు బాగా గుర్తు. ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, మే 4 నుంచి అమలన్నారు. అప్పటిదాకా అంటించిన చేత్తోనే వరసపెట్టి పీకాను. అంటించినప్పుడు బేరమాడినోళ్లు కూడా పీకడానికి బేరమాడలేదు!

ఇక ఆ 50 లెక్క. రూల్లో ఉన్నది అద్దంలోంచి లోపలికి రావాల్సిన వెలుతురు గురించి. ముందూ వెనకా అద్దాలకి కనీసం 70 శాతం, పక్కవాటికి 50. కానీ కంపెనీ అద్దమే కాస్త పచ్చగా ఉంటుంది. అది 75 శాతం పంపుతుందనుకోండి, దానిమీద 50 ఫిల్ము, అంటే సగం వెలుతురే పంపేది వేస్తే మిగిలేది 37 చిల్లర. 70 ఫిల్ము వేసినా 52 దగ్గర ఆగుతుంది, అద్దం ఇంకొంచెం ముదురు రంగైతే అదీ ఉండదు. షాపుల్లో ఈ గుణకారం ఎవరూ చెప్పరు. నేనూ చాలాకాలం చెప్పలేదు లెండి.

భీమవరం ప్లీడరు:
సుప్రీంకోర్టు అప్పట్లో ఫిల్ముకి శాతాల మినహాయింపేమీ ఇవ్వలేదు. ఎంత పల్చనిదైనా సరే, అద్దం మీద ఫిల్ము అంటించకూడదంది. తయారీలోనే ఆ లెక్కకి లోబడి వచ్చిన రంగు అద్దానికి ఇబ్బంది లేదు. తరవాత కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో ఈ అద్దాల లెక్క చెప్పే 100వ రూలు మార్చారు, 2021 ఏప్రిల్ 1 నుంచి ‘సేఫ్టీ గ్లేజింగ్’ (లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉండే అద్దం) అనే మాట చేరింది. దాన్ని పట్టుకుని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఐఎస్ఐ ప్రమాణానికి తగ్గ ఫిల్ము 70, 50 లెక్క తప్పకుండా ఉంటే నేరం కాదంది. మీ షాపతను చెప్పేది బహుశా అదే. అయితే అది కేరళ తీర్పు, లెక్క మాత్రం అదే లెక్క. మీ కారుకున్న నల్లదనం ఏ తీర్పులోనూ ఇమడదు. చలానా కట్టెయ్యండి. రెండోసారి దొరికితే జరిమానా పెరుగుతుంది.

కోనసీమ కొబ్బరిబొండం:
మరి సంక్రాంతికి మా ఊరి బరుల దగ్గర బారులు తీరే నల్లద్దాల కార్లన్నిటికీ జెడ్ ప్లస్ సెక్యూరిటీ ఉందంటారా ప్లీడరు గారూ? 😄

భీమవరం ప్లీడరు:
మినహాయింపు జెడ్, జెడ్ ప్లస్ వాళ్లకే. మిగతాది మీరే ఊహించుకోండి.

రాజోలు అక్క:
అందరూ రూలే చెప్తున్నారు. చంటిదానికి పాలివ్వాలంటే అద్దంలోంచి తొంగిచూసే ప్రతి బండివాడికీ నేను సర్దుకోవాలా? మాకు ఆ నలుపు కొంచెం నిమ్మళం. అయితే ఇంకోటీ చెప్పాలి. రాత్రిపూట ఒక్కదాన్నే ఆటోలో చించినాడ వంతెన మీదుగా వచ్చేప్పుడు పక్కనే నల్లద్దాల కారు నెమ్మదిగా నడుస్తుంటే గుండె దడదడలాడుతుంది. ఢిల్లీలో నిర్భయని ఎక్కించుకున్న బస్సుకీ నల్లద్దాలూ తెరలూ ఉన్నాయిగా. లోపలుంటే ఒకటి, బయటుంటే ఒకటి.

గట్టుదారి మాస్టారు:
నేను రిటైరైన టీచర్ని. నా అనుభవం చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా ఊరికి దారి కాలవ గట్టే. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేపల చెరువులు. రెండు కార్లు ఎదురైతే ఒకరు వెనక్కి తియ్యాల్సిందే. ఎవరు తియ్యాలన్నది హారన్‌తో తేలదండి, చెయ్యూపితే తేలుతుంది. ఎదుటివాడి చెయ్యీ మొహమూ కనపడాలి. నా కారుకి మా అబ్బాయి ముచ్చటపడి నల్ల ఫిల్ము వేయించాడు, ముందద్దం పైన అడ్డపట్టీతో సహా. దాంతో నేను చెయ్యూపినా ఎదుటివాడికి కనపడేది కాదు.

ధనుర్మాసం, రాత్రి ఎనిమిదిన్నర, మంచు. రోడ్డుకి ఓ పక్కన ధాన్యం రాశి, మీద నల్ల బరకం, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు. అక్కడే ఎదురుగా రొయ్యల వ్యాను వచ్చింది. రాశి దగ్గర ఇరుక్కోవడం ఎందుకని నేనే వెనక్కి తీశాను. వెనకద్దంలో ఏమీ లేదు, నలుపు. పక్కద్దంలోంచి సైడ్ మిర్రర్ చూద్దామంటే అదీ నలుపు మీద నలుపు. అరవై దాటిన కళ్లకి అసలే రాత్రి వెలుతురు చాలదు. ఎడమ వెనక చక్రం గట్టు దిగింది, కారు కాలవ వైపు ఒరిగింది. తుమ్మచెట్టు ఒకటి ఆపింది.

చెరువు కాపలా కుర్రాళ్లు టార్చిలేసుకుని పరిగెత్తుకొచ్చారు. అద్దానికి లైటు ఆనించి చూస్తే వాళ్ల మొహాలే వాళ్లకి కనపడ్డాయట, లోపల ఎంతమందిమున్నామో తెలియలేదు. ఒకడు రాయితో పక్కద్దం కొట్టాడు. అద్దం పొడైంది కానీ రాలలేదు, ఫిల్ము పట్టుకుని గోనెపట్టాలా వేలాడింది. రెండుమూడు పోట్లు పడ్డాక గానీ చెయ్యి దూరలేదు. ఆ పూట కాలవలో నీళ్లుండి, మేం వాటిలో ఉండుంటే?

పాలకొల్లు కుర్రోడు:
మాస్టారూ, ఒళ్లు జలదరించిందండి. మాదీ గట్టుదారే.

తణుకు అద్దాలపని:
పీకేటప్పుడు జాగ్రత్త. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి మూల నుంచి మెల్లగా లాగండి, మిగిలిన జిగురు సబ్బునీళ్లతో పోతుంది. వెనకద్దానికి సన్నటి అడ్డగీతలుంటాయి, మంచు కరిగించే తీగలవి. అక్కడ బ్లేడు వాడితే తెగిపోతాయి. పాప కోసమైతే బండిని చెట్టునీడన ఆపి, ఎక్కేముందు తలుపులు తీసి వేడిగాలి పోనివ్వండి. కారు ఆగినప్పుడు ముందద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెట్టండి. అంటించని జాలీ తెరల్నీ కొన్నిచోట్ల పోలీసులు తీయించేస్తున్నారు, వాటిమీద డబ్బు పొయ్యకండి.

పాలకొల్లు కుర్రోడు:
ఆదివారం పీకేశానండి, మూడు గంటలు పట్టింది, వెనక తీగలు బాగానే ఉన్నాయి. సాయంత్రం గట్టు మీద ఎదురైనాయన చెయ్యూపాడు, నేనూ ఊపాను. తీరా చూస్తే మా పెదనాన్నే. ఇన్నాళ్లూ నల్లద్దాలేసుకుని పలకరించకుండా పోతున్నానని కోపంగా ఉన్నాడంట.

రాజోలు అక్క:
ఆ వెండి అట్ట ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్దురూ.