అత్తగారి పాత బైబిల్, 1840 దగ్గర ఆగిపోయిన వంశవృక్షం: ఎలా ముందుకెళ్లాలి?

రాలీ నుంచి, కొత్త కోడలు:
అందరికీ నమస్కారం. పెళ్లయి నార్త్ కరొలైనా వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయనది తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. మొన్న మా అత్తగారు అటక మీంచి ఓ పాత బైబిల్ దించి, వేసవిలో చుట్టాలంతా కలిసేలోపు వంశవృక్షం గీసిపెట్టమన్నారు. అందులో 1788 నుంచి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉన్నాయి. సెన్సస్‌లో వెనక్కి వెతుక్కుంటూ 1840 దగ్గర ఆగిపోయాను. ఇంటి పెద్ద పేరు తప్ప మిగతావన్నీ అంకెలే! కొత్త కోడల్ని, తప్పు గీస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

షార్లట్ నుంచి:
అమ్మాయ్, నువ్వు సరిగ్గానే చూశావు. 1790 నుంచి 1840 దాకా సెన్సస్‌లో ఇంటి పెద్ద పేరే రాశారు. బానిసలు కానివాళ్లందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో రాసింది 1880 నుంచి. 1890ది వెతుక్కుంటూ కూర్చోకు. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం పుణ్యమా అని అందులో మిగిలింది చాలా తక్కువ.

ఆ అంకెలే నీకు పనికొస్తాయి. 1800, 1810 లెక్కల్లో పదేళ్లలోపు, 10–15, 16–25, 26–44, 45 పైన అని గళ్లుంటాయి. 1788లో పుట్టిన పిల్లవాడు 1800లో 10–15 గడిలో, 1810లో 16–25 గడిలో పడాలి. పడకపోతే చనిపోయాడనే అనుకోకు, వేరే ఇంట్లో ఉండొచ్చు. ఎక్కువ అంకె కనిపిస్తే అది కొడుకే కానక్కర్లేదు, మేనల్లుడో పాలేరో కావచ్చు. 1820లో ఒక తిరకాసుంది: 16–18 మగపిల్లల్ని విడిగా ఒక గడిలో రాసి, మళ్లీ 16–25 గడిలోనూ కలిపారు. నేను రెండూ కూడి, లేని కొడుకుల కోసం నెల రోజులు వెతికాను.

అన్నట్టు, ఆ బైబిల్ ఏ సంవత్సరంలో అచ్చయిందో చూశావా? మొదటి పేజీ చిరిగిపోతే కొత్త నిబంధన మొదట్లో చూడు, అక్కడ కూడా వేస్తుంటారు. అచ్చుకు ముందు తారీఖులన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా అయితే ఎవరో తర్వాత కూర్చుని ఎక్కించినవన్నమాట.

రిచ్‌మండ్ నుంచి:
చెల్లెమ్మా, నార్త్ కరొలైనా పెళ్లి బాండ్లు (పెళ్లికి అడ్డంకేమీ లేదని పెళ్లికి ముందు రాసిచ్చే పూచీ పత్రాలు) 1741 నుంచి 1868 దాకా ఉన్నాయి, మీ ఊళ్లోనే, రాష్ట్రం పాత రికార్డులు దాచే స్టేట్ ఆర్కైవ్స్‌లో. పెళ్లికొడుకుతో పాటు పూచీ సంతకం పెట్టినవాడి పేరు వదలొద్దు, చాలాసార్లు అతను పెళ్లికూతురి తండ్రో అన్నో అవుతాడు. బాండ్ రాసినంత మాత్రాన పెళ్లి జరిగినట్టు కాదు. విప్లవ యుద్ధంలో, అంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ల పెన్షన్ ఫైళ్లు కూడా చూడు. పెన్షన్ కోసం పెళ్లికి రుజువుగా వాళ్ల వితంతువులు బైబిల్ పేజీలు చింపి పంపిన ఫైళ్లున్నాయి.

1752కి ముందు తారీఖులతో జాగ్రత్త. అప్పటిదాకా ఇక్కడి ఇంగ్లిష్ కాలనీల్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, మన ఉగాది రోజుల్లో. అందుకే ఫిబ్రవరి 1731/32 అని (పాత లెక్కలో 1731, కొత్త లెక్కలో 1732) రెండు సంవత్సరాలు కనిపిస్తాయి, తప్పని దిద్దకు. ఇంటిపేరు స్పెల్లింగ్ పట్టుకుని వేలాడకు, లెక్క రాసినవాడికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో వీటిలో చాలావరకు ఉచితంగానే చూడొచ్చు. కానీ ఎవరో అప్‌లోడ్ చేసిన రెడీమేడ్ వంశవృక్షాన్ని మాత్రం యథాతథంగా దించుకోవద్దు.

రాలీ నుంచి, కొత్త కోడలు:
అక్కా, అచ్చు 1816! మొదటి పదకొండు పుట్టుకలూ ఒకే చేతిరాత. ఇంకోటి, చివరి పేజీలో ఇంటిపేర్లు లేకుండా తొమ్మిది పేర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. బానిసలుగా ఉంచుకున్నవాళ్ల పిల్లలనుకుంటా. అత్తగారు ఆ పేజీ గబుక్కున తిప్పేశారు. వదిలేయనా?

షార్లట్ నుంచి:
వదలకు. 1850, 1860 సెన్సస్‌లలో విడిగా రాసిన బానిసల పట్టీల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు లాంటివే ఉంటాయి, పేర్లు దాదాపు ఉండవు. స్వేచ్ఛ వచ్చాక అందరితో పాటు వాళ్ల పేర్లూ ఎక్కింది 1870లోనే. తమ పెద్దల కోసం వెతికే ఏదో కుటుంబానికి దొరికే ఒకే ఒక్క ఆధారం ఆ పేజీ కావచ్చు. ముందు ఫొటో తియ్యి, చిరుగులకు టేపు అంటించకు. తర్వాత అత్తగారితో ఒంటరిగా కూర్చుని, స్టేట్ ఆర్కైవ్స్‌కి ఒక కాపీ ఇద్దామా అని అడుగు. చుట్టాలందరి ముందు మాత్రం ఎత్తకు.