జీపీ అపాయింట్‌మెంట్: ఉదయం ఎనిమిదికి ఫోనా, ఆన్‌లైన్ ఫారమా? మీ మాట చెప్పండి

లెస్టర్ కోడలు

మా అత్తయ్య ఒంగోలు నుంచి ఇంగ్లండులో మా దగ్గర ఆరు నెలలుందామని వచ్చారు. 68 ఏళ్ళు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. జీపీ, అంటే ఇక్కడ ఏ జబ్బుకైనా ముందు చూపించుకునే మన పేట డాక్టరు. ఆయన దగ్గర పేరు నమోదు సులువుగానే అయింది. చిక్కంతా అపాయింట్‌మెంట్ దగ్గరే. సర్జరీ (జీపీ క్లినిక్‌ని ఇక్కడ అలాగే అంటారు) పేరు రాయను. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు వెబ్‌సైట్‌లో ఫారం నింపమంటుంది. నడిచి వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయిదీ అదే మాట.

పోయిన మంగళవారం అత్తయ్య "కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయమ్మా, రాత్రంతా ఒకటే సలుపు, అరికాళ్ళు మంట" అన్నారు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. తిమ్మిరికి నంబ్‌నెస్ అని రాశాను. సలుపుకి పెయిన్. అక్కడ ఆగిపోయాను. పోటూ పెయినే, సలుపూ పెయినే, గుంజుడూ పెయినే. మంటకి బర్నింగ్ అని రాసి మళ్ళీ అడిగితే "మామూలు మంట కాదమ్మా, కారం పూసినట్టు" అన్నారు. అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక ఆ మాటే కొట్టేశాను. సాయంత్రానికి జవాబొచ్చింది: అత్యవసరం కాదు, మూడు వారాల తర్వాత రండి.

ఎదురుగా మనిషి ఉంటే ఇంకో ప్రశ్న అడిగేవారు కదా? ఫారం వద్దని నేననను. కానీ తన జబ్బు తానే ఇంగ్లీషులో రాసుకోగలవాళ్ళకే డాక్టరు దొరుకుతాడంటే అది అన్యాయం. ఫోనూ, తలుపూ మూయకూడదు. మీరేమంటారు?

కోవెంట్రీ ఎమ్మెస్సీ

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ ఫారం లేకపోతే నాలాంటివాడికి డాక్టరే లేడు. నాది గోడౌన్‌లో ఉదయం ఆరింటి నుంచి రెండింటి దాకా షిఫ్టు. ఫోన్ లాకర్లో పెట్టి లోపలికెళ్ళాలి. సర్జరీ లైన్లు తెరిచే ఎనిమిదింటికి ఎలా చేస్తాను? స్టూడెంట్ వీసాకి హెల్త్ సర్‌ఛార్జ్ అని, ఇక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి, ఏడాదికి 776 పౌండ్ల లెక్కన ముందే కట్టించుకున్నారు. కట్టి కూడా మొదటి ఏడాది ఒక్కసారీ జీపీని చూడలేకపోయాను. సెలవు రోజు ఫోన్ చేస్తే ఎనిమిదీ పదికల్లా "ఈరోజువి అయిపోయాయి".

2025 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో జీపీలందరూ ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 దాకా ఆన్‌లైన్ ఫారం తెరిచే ఉంచాలన్నారు. అంతకుముందు మా సర్జరీ తొమ్మిదిన్నరకే మూసేసేది. ఇప్పుడు షిఫ్టు దిగి, బస్సులో కూర్చుని నింపుతున్నాను. వారంలోపే పిలుపొచ్చింది. దయచేసి దాన్ని తిట్టకండి.

రిసెప్షన్ నుంచి

ఆరేళ్ళుగా ఒక జీపీ సర్జరీలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఎనిమిది కొట్టేసరికి మా గదిలో ఎలా ఉండేదో చెప్తాను. నలుగురం హెడ్‌సెట్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. లైన్లు తెరవగానే స్క్రీన్ మీద లైనులో ఉన్నవాళ్ళ లెక్క నలభై దాటేది. ఇరవై నిమిషాల్లో ఆ రోజు స్లాట్లు అయిపోయేవి. ఎవరికి దొరికేవి? జబ్బు ఎక్కువున్నవాళ్ళకి కాదు, మళ్ళీ మళ్ళీ నొక్కే ఓపికున్నవాళ్ళకి. గంటసేపు లైన్లో ఉండి చివరికి నా గొంతు విన్న ముసలాయనకి "లేవండీ" అని చెప్పడం నాకు రోజూ ప్రాణం మీదికొచ్చేది. ఇప్పుడు ఫారాలన్నీ డాక్టరే చదివి ఎవరిని ముందు చూడాలో తేలుస్తారు. నేను ఫారం వైపే.

అయితే లెస్టర్ అక్క సర్జరీ చేసేది తప్పు. ఫోను, ఆన్‌లైను, నేరుగా రావడం, మూడు దారులూ ఉండాలన్నది నియమం. ఆన్‌లైన్ రానివాళ్ళు నోటితో చెప్తే అదే ఫారం మేం నింపాలి. "రేపు మళ్ళీ ఫోన్ చేయండి" అని తిప్పి పంపకూడదని ప్రభుత్వ వైద్యశాఖతో జీపీలకున్న 2023 కాంట్రాక్టులోనే ఉంది. కౌంటర్ దగ్గరికెళ్ళి "నేను చెప్తాను, మీరు నింపండి" అనండి. దుబాసీ కావాలని కూడా అడగండి. డబ్బులు అడగరు. తెలుగుకీ దొరుకుతారు, చాలాసార్లు ఫోన్లోనే మాట్లాడతారు.

నెల్లూరు నుంచి

మా అమ్మాయి అక్కడే ఉంటుంది కాబట్టి ఇవన్నీ చదువుతుంటాను. మా వీధి డాక్టరుగారి దగ్గర ఆరింటికి కాంపౌండరు పుస్తకం తెరుస్తాడు. పేరు రాయించుకుని, ఫీజు కట్టి, టోకెన్ తీసుకుంటే ఆ పూటే చూస్తారు. రాత్రి పదైనా ఆఖరి మనిషిని చూసే లేస్తారు. జ్వరంతో బిడ్డ తేలిపోతుంటే వరసలో ఉన్నవాళ్ళే "ముందు ఆ తల్లిని పోనివ్వండి" అంటారు. మనిషి మొహం చూడకుండా అత్యవసరమో కాదో తేల్చడం నాకు మింగుడు పడటం లేదు.

రిసెప్షన్ నుంచి

బాబాయిగారూ, నేనూ ఆ బెంచీల మీద పెరిగినదాన్నే. టోకెన్ 41 చేతిలో పెట్టుకుని మా అమ్మ ఐదు గంటలు కూర్చునేది. లోపల రెండు నిమిషాలు. డబ్బు లేని నెలలో అసలు వెళ్ళేదే కాదు. ఇక్కడ ఆ భయం లేదు.

పాత జీపీ, గుంటూరు మెడికల్ కాలేజీ

ముందు లెస్టర్ అమ్మాయికి. షుగరున్న మనిషికి అరికాళ్ళలో తిమ్మిరి, మంట అంటే నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. మూడు వారాలు ఆగొద్దు. పుండు, రంగు మారడం, వాపు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఫోన్ చేయండి. సర్జరీ మూసి ఉంటే ప్రభుత్వ వైద్య సలహా నంబరు 111కి చేయండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి కూడా జీపీ చూడటం ఉచితమే, సంకోచం వద్దు.

ఇక ఈ ఎనిమిదింటి పరుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. జీపీ 48 గంటల్లో దొరకాలని 2000లో ప్రభుత్వం లక్ష్యం పెట్టింది, 2004 కల్లా అందుకోవాలంది. ఉద్దేశం మంచిదే. కానీ లెక్క తప్పకుండా ఉండాలని చాలా సర్జరీలు వచ్చే వారానికి ముందుగా రాసుకోవడమే మానేశాయి. ఏ రోజువి ఆ రోజే. 2005 ఎన్నికల ముందు టీవీ చర్చలో ఒకావిడ లేచి, తన బిడ్డకి వారం తర్వాత చూపించమన్నారనీ, ముందుగా బుక్ చేయనివ్వడం లేదనీ చెప్తే అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ తెల్లబోయారు. ఆ సంగతి ఆయనకి తెలియనే తెలియదు. 2010లో లక్ష్యం ఎత్తేశారు, అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఫారం రోజంతా తెరిచి ఉంచాలన్న దాని మీద డాక్టర్ల సంఘం బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ గొడవ పడిందంటే డాక్టర్ల బద్ధకం వల్ల కాదు. మామూలు ఫారాల మధ్య గుండెనొప్పి ఒకటి వచ్చి పడి, మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడకపోతే? ఆ భయం నాకూ ఉంది. నేను పనిచేసిన రోజుల్లో రోగికి పది నిమిషాలే. తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా వచ్చే నడకలోనే సగం తెలిసేది. ఫారంలో నడక కనబడదు.

ఒక్క మాట. రోగి ఏ మాటన్నదో ఆ మాటే రాయండి. కారం పూసినట్టు అంటే చిల్లీ రబ్డ్ ఆన్ ద స్కిన్ అని రాస్తే చాలు, ఆ మాట దగ్గర ఏ డాక్టరైనా ఆగుతాడు. ఇంగ్లీషులో సరిగా లేదని కొట్టేయొద్దు.

లెస్టర్ కోడలు

డాక్టరుగారూ, చెల్లీ, ఇద్దరికీ దణ్ణం. ఇవాళ పొద్దున్నే అత్తయ్యని తీసుకుని కౌంటర్ దగ్గరికెళ్ళాను. "మీరు నింపండి, దుబాసీ కావాలి" అన్నాను. ఆ అమ్మాయి లోపలికెళ్ళి అడిగొచ్చి, నింపింది. కారం మాట కూడా రాయించాను. పదకొండున్నరకి పిలిచారు. స్పీకర్ ఫోన్లో తెలుగావిడ మాట్లాడింది. "ఏమ్మా, ఏ ఊరు మీది?" అనగానే అత్తయ్య భుజాలు దిగాయి.

డాక్టరు అత్తయ్యని కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ తీగతో అరికాలు ఒక్కో చోట తాకింది. తెలిసినప్పుడు చెప్పమంది. బొటనవేలు కింద తాకింది, అత్తయ్య పలకలేదు. పక్కన ఇంకో రెండు చోట్లా పలకలేదు. నేను చూస్తూనే ఉన్నాను. రక్తపరీక్షలు రాసింది, పాదాల క్లినిక్‌కి పంపుతానంది.

తమ్ముడూ, నీ ఫారం నీకుండాలి, కాదనను. కానీ కౌంటర్లో నింపుతారని ఎక్కడా రాసి లేదు. నాకు మీరు చెప్తే తెలిసింది. బోర్డు తెలుగులోనూ, మా పక్కింటామె చేత గుజరాతీలోనూ రాయించి ఇస్తానన్నాను. మేనేజరుని అడిగి చెప్తామన్నారు.

పాత జీపీ, గుంటూరు మెడికల్ కాలేజీ

ఏ పాదం అమ్మా? రెండూ చూశారా? ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగనివ్వకండి. చలి అని కాళ్ళు హీటర్ దగ్గర పెట్టుకోనివ్వకండి, కాలినా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్ళు మీరే ఒకసారి చూడండి.