చక్కెర మానేశా, బిళ్లలు పట్టుకున్నాయి. రెండూ ఒకేసారి వదిలెయ్యొచ్చా?

మూడోటిక్కు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

నాకు 43 ఏళ్లు. పొద్దస్తమానం కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. షుగరు జబ్బు లేదు, మందులేవీ వాడను. పోయినేడాది దాకా రోజుకి ఐదు కాఫీలు, కప్పుకి రెండు చెంచాలు. లెక్కల బుద్ధి ఊరుకోదు కదా, ఒకరోజు కాగితం మీద వేసి చూశా. చెంచాకి 4 గ్రాములు, రోజుకి 40 గ్రాములు, ఏడాదికి 14 కిలోల పైమాటే. అదీ ఒక్క కాఫీ పద్దు కిందే. బిస్కెట్లు, కెచప్పు ఇందులో కలపలేదు. హడలిపోయి ఆ రాత్రే చక్కెర డబ్బాని పై అరలోకి ఎక్కించేశా. మర్నాడు చక్కెర బదులు కాఫీలో వేసుకునే కృత్రిమ తీపి బిళ్లలు కొన్నా. బొటనవేలితో నొక్కితే టిక్కుమని ఒక బిళ్ల రాలే బుల్లి డబ్బా ఉంటుంది చూడండి, అది.

మొదట్లో కప్పుకి రెండు టిక్కులు. అవి మూడెప్పుడయ్యాయో నాకే తెలీదు. ఈమధ్య ఆ డబ్బా చొక్కా జేబులో ఉండగానే వాషింగ్ మెషీన్లో పడిపోయింది. మా ఆవిడ బయటికి తీసి చూస్తే లోపల బిళ్ల ఒక్కటి లేదు, అంతా తెల్లటి ముద్ద. "చొక్కా ఆరేయనా, కాఫీలో ముంచుకుంటారా?" అంది. అప్పుడు నవ్వేశా. సాయంత్రం వాన పడుతుంటే కొత్త డబ్బా కోసం గొడుగేసుకుని బయల్దేరా. సగం దారిలో నవ్వు పోయింది. చక్కెర తిన్న రోజుల్లో చక్కెర కోసం ఎన్నడూ ఇలా తడుస్తూ పోలేదు.

వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశా. సోమవారం నుంచి చక్కెరా లేదు, బిళ్లలూ లేవు. తీపి లేని కాఫీ గొంతు దిగట్లేదు కాబట్టి కాఫీ కూడా ఆపేశా. ఇవాళ గురువారం. మంగళవారం మధ్యాహ్నం నుంచి తల పగిలిపోతోంది. ఆవలింతలు, చిరాకు. నిన్న ఒకే కూడిక మూడుసార్లు చేస్తే మూడు జవాబులు వచ్చాయి. చక్కెర మానేస్తే ఇలాగే ఉంటుందని విన్నాను. ఇదేనా అది? ఎన్నాళ్లుంటుంది? ముందు ఒకటి మానేసి తర్వాత రెండోది మానాల్సిందా? కనీసం తేనె వేసుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాత్రిపాళీ

దొంగని మీరే చూపించి పక్కవాణ్ని తంతున్నారండీ. ఐదు కాఫీల మనిషి సోమవారం నుంచి సున్నాకి వచ్చారు. ఈ తలనొప్పి చక్కెరది అయ్యుండదు, కెఫీన్‌ది.

కెఫీన్ ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, వారం దాటినా ఉండొచ్చు. ఆవలింతలు, చిరాకు, పని మీద మనసు నిలవకపోవడం, అన్నీ దాని పరివారమే. పన్నెండేళ్లు రాత్రి డ్యూటీ చేసినవాణ్ని. పగటి డ్యూటీకి మారిన వారం కాఫీ మానేసి, మెదడులో ఏదో అయిందని భయపడి స్కానింగ్ దాకా వెళ్లొచ్చా. డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి "కాఫీ ఎప్పుడు మానేశారు?" అని అడిగారు.

ఇప్పుడే లేచి ఒక చిన్న కప్పు తాగండి. తీపి వద్దు. చేదుగా ఉంటే మందనుకుని మింగెయ్యండి. ఒకేసారి మూడు యుద్ధాలు ఎందుకు? ముందు తీపి సంగతి తేల్చుకోండి, కాఫీ తగ్గించాలంటే తర్వాత నిదానంగా తగ్గించుకోవచ్చు.

పాతచాదస్తం

పై మాటకి నా ఓటు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, కాబట్టి కాస్త చాదస్తం భరించండి.

1879లో ఫాల్‌బర్గ్ అనే రసాయనశాస్త్రవేత్త ప్రయోగశాల నుంచి చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా వచ్చి భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తియ్యగా తగిలింది. మీ బిళ్లల్లాంటి వాటిలో వాడే సాకరిన్ అలా బయటపడింది. 1965లో ష్లాటర్ అనే ఆయన కాగితం తియ్యడానికి వేలు నాక్కుంటే ఆస్పర్టేమ్ దొరికింది. మా పిల్లలకి ఈ కథలు చెప్పి, ల్యాబ్‌లో మాత్రం వేలు నోట్లో పెడితే గుంజీలు తీయించేవాణ్ని.

ఇక మీ విషయం. ఈ పదార్థాల తీపి చాలా ఘాటు. సుక్రలోజ్ చక్కెర కంటే దాదాపు 600 రెట్లు తియ్యన. ఒక కప్పుకి కావలసింది కంటికి ఆననంత. అందుకే పొట్లాల్లో వచ్చే పొడిలో చాలాసార్లు డెక్స్‌ట్రోజో, మాల్టోడెక్స్‌ట్రినో కలిపి బరువు నింపుతారు. అవి ఒంట్లో గ్లూకోజ్ అయ్యేవే. పొట్లానికి ఉండేది కొంచెమే అనుకోండి, కానీ 'సున్నా' అని నమ్మి రోజుకి పది చించేవాళ్లని చూశాను.

మీకు రెండు టిక్కులు మూడవడం నాకు వింతగా లేదు. మీరు మానేసింది చక్కెరని, తీపిని కాదు. నాలుక కోరే మోతాదు తగ్గనే లేదు, ఇంకాస్త పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 మేలో, బరువు అదుపు కోసం వీటిని వాడొద్దని సలహా ఇచ్చింది. స్టీవియా కూడా ఆ జాబితాలోనే ఉంది. మొక్క నుంచి వచ్చింది కదా అని మినహాయింపు ఇవ్వలేదు.

తేనె సంగతి అడిగారు. శరీరానికి తేనెలో ఉన్నదీ గ్లూకోజు, ఫ్రక్టోజే. అదే సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం తేనె, పళ్లరసం కూడా చక్కెర పద్దులోకే వస్తాయి. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ఆ పద్దు 50 గ్రాములు దాటకూడదు, 25కి దిగితే ఇంకా మంచిది. పండుని పండుగా తింటే, పాలలో సహజంగా ఉన్నదైతే ఈ లెక్కలోకి రావు.

కాఫీ చేదుకి ఒక చిట్కా: చిటికెడులో సగం ఉప్పు వేసి చూడండి. నవ్వకండి, సోడియం చేదుని అణుస్తుంది. ఇన్నాళ్లూ చక్కెర చేసిన పనిలో సగం అదే, చేదుని కప్పడం. పొడి మరీ ఎక్కువసేపు నాననివ్వకండి. ఎంత నానితే అంత చేదు దిగుతుంది.

రెండుక్యాన్లు

నాది కాస్త అడ్డం మాట, ఏమనుకోవద్దు. అందరూ కలిసి బిళ్లల్ని విలన్ని చేసేస్తున్నారు.

నేను రోజుకి రెండు క్యాన్ల కోలా తాగేవాణ్ని. 330 మిల్లీలీటర్ల క్యాన్‌లో దగ్గర దగ్గర 35 గ్రాముల చక్కెర, అంటే రెండింటికి 70. జీరో రకానికి మారాక ఆ 70 పోయింది. అది లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ని 2023 జులైలో '2బి' గుంపులో పెట్టిందని మా ఆఫీసులో పెద్ద గొడవ. 'క్యాన్సర్ రావొచ్చేమో, ఆధారం పరిమితం' అని దానర్థం. అదే నెలలో నిపుణుల కమిటీ రోజుకి కిలో బరువుకి 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని అలాగే ఉంచింది. 70 కిలోల మనిషి అది దాటాలంటే రోజుకి తొమ్మిది క్యాన్ల పైన తాగాలి. కప్పుకి మూడు బిళ్లలకి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

పెనం మీంచి పొయ్యిలో పడ్డారని మీరనుకుంటున్నారు. నాకైతే అది మెట్టు. కాకపోతే ఆ మెట్టు మీదే నాలుగేళ్లుగా కూర్చున్నానని మా తమ్ముడు వెక్కిరిస్తుంటాడు. అదీ నిజమే.

పాతచాదస్తం

రెండుక్యాన్లు గారూ, విషమని నేననలేదు. మీకు మేలే జరిగింది. ఆయన గొడవ విషం గురించి కాదు, వానలో గొడుగు గురించి.

అమ్మకూతురు

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక్క ముక్క. మా అమ్మ ఇన్సులిన్ మీద ఉంది. ఇలాంటివే ఎక్కడో చదివి, ఎవరికీ చెప్పకుండా తీపితో పాటు రాత్రి భోజనం కూడా తగ్గించేసింది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, మాట తడబాటు. ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించింది నీళ్లలో కలిపిన గ్లూకోజే. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా పడగొట్టే మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి మార్చే ముందు డాక్టరుకి చెప్పాలి, ఇంట్లో గ్లూకోజ్ ఉంచుకోవాలి. పాతచాదస్తం గారు చెప్పిన 2023 సలహా కూడా అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకి వర్తించదని అందులోనే రాశారు. అమ్మ టీలో ఒక బిళ్ల వేసుకుంటే మేం అభ్యంతరం చెప్పం.

మూడోటిక్కు

రాత్రిపాళీ గారూ, మీకు దండం. మీ జవాబు చదివి లేచి అరకప్పు తాగా. ముక్కు మూసుకుని తాగానంటే నమ్మండి. ముప్పావు గంటలో తల తేలికైంది. మూడు రోజులుగా చక్కెరని తిట్టిపోస్తూ తిరిగా, పాపం.

మూడోటిక్కు (23 రోజుల తర్వాత)

ఏమైందో కబురు చెప్దామని వచ్చా.

కాఫీ ఐదు నుంచి మూడుకి తెచ్చా. ఉప్పు చిట్కా పనిచేసింది. మొదటిసారి చెయ్యి జారి ఎక్కువ పడి సముద్రం తాగినట్టుంది గానీ, తర్వాత మోతాదు కుదిరింది. ఇప్పుడు ఉప్పు కూడా వెయ్యట్లేదు. పదిహేనో రోజున అనుకుంటా, వేడి పాలు తాగుతుంటే తియ్యగా తగిలాయి. మా ఆవిడ చక్కెర కలిపిందని గొడవ పెట్టుకున్నా. కలపలేదు. గ్లాసు పక్కన పెట్టి, పాలగిన్నెలోంచి చెంచాతో తీసుకుని మళ్లీ రుచి చూశా. తియ్యగానే ఉన్నాయి. ఈ రుచి నలభై ఏళ్లుగా పాలలోనే ఉంది, నా నాలుకకే ఆనలేదు.

కష్టమైంది నాలుగింటి కాఫీ ఒక్కటే. తీరా చూస్తే అప్పుడు వెతుక్కునేది తీపిని కాదు, టిక్కుని. బొటనవేలు దానంతటదే జేబు దగ్గరికి పోయేది. కొన్నాళ్లు ఆ జేబులో నొక్కే పెన్ను పెట్టుకున్నా. పక్క సీటువాళ్లు విసుక్కున్నారు.

రెండుక్యాన్లు గారూ, బిళ్లలే అనుకున్నా గానీ, ఆ తీపి నాకు తెలీకుండా ఎన్నింట్లో ఉందో! మొన్న ఆదివారం ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ బల్ల మీద పెట్టి, భూతద్దంతో చదివా. ప్రొటీన్ పొడిలో 955. తిండిలో కలిపే పదార్థాలకి ఇచ్చే నంబర్లలో అది సుక్రలోజ్‌దట. నీళ్లలో బుసబుసలాడే విటమిన్ బిళ్లలో 951, అంటే నా పాత నేస్తం ఆస్పర్టేమ్. టూత్‌పేస్టులో సాకరిన్. పేస్టు జోలికి పోను, దాన్ని ఉమ్మేస్తాం కాబట్టి. ప్రొటీన్ పొడి మా మేనల్లుడికి ఇచ్చేశా, రుచి లేని రకం తెచ్చుకున్నా. సుద్దపొడిలా ఉంది, అయినా పోనివ్వండి.

శనివారం ఒక పెళ్లికి వెళ్లి ఒక స్వీటు తిన్నా. సగం దగ్గరే ఆగిపోయా. మానేసినవాణ్ని కాబట్టి కాదు, నిజంగానే నోరు వెగటేసింది. తినకుండా ఉండి ఉంటే బాగుండేదేమో అనైతే అనుకోలేదు.

చూయింగ్ గమ్‌లో కూడా 951, 950 (ఎసిసల్ఫేమ్-కె అనే ఇంకో కృత్రిమ తీపి) రెండూ ఉన్నాయి. రోజుకి ఆరు నములుతున్నా. దాని గురించి మాత్రం ఇప్పుడే అడగకండి.